పురికొస ముడులు

తను పోయిన రోజు ఉదయం పిన్ని ఒక వైరు రెండు కొసలకూ పురికొస చుట్టి, ఒక్కో కొసకు మూడేసి ముడులు వేసింది. పాత వైరు లోపలెక్కడో తెగి గరగరమంటోందని దాని బదులు కొత్తది తయారుచేసింది. సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి, స్విచ్ ఆపి, ఒంటిమీది శాలువా తీసి తలుపు పక్కనున్న కొక్కేనికి తగిలించింది. "కాస్త నడుం వాలుస్తాను, పదకొండింటికి లేపండి" అని బాబాయితో చెప్పి లోపలి గదిలోకి వెళ్లింది.

బాబాయి పదకొండు దాటాక మరో పది నిమిషాలు ఆగి లేపబోయాడట. "అలిసిపోయింది కదా అని ఆగాను" అని పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు, ఆ పది నిమిషాలకు తానే జవాబుదారీ అయినట్టు. డాక్టరు మాత్రం అంతకు గంట ముందే అంతా అయిపోయిందన్నాడు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఊళ్లో గిటారు వాయించే వాళ్లందరికీ ఆమె పేరు 'నిమిషం'. గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ పాడైతే "నిమిషం దగ్గరికి తీసుకెళ్లు" అనేవాళ్లు. ఆమె బాగుచేసేవి గాజు ట్యూబుల ఆంప్లిఫయర్లు. పాతకాలపు రేడియోలో వెనకనుంచి తొంగిచూస్తే చిన్న దీపాల్లా కనిపించేవి చూడండి, అవే ట్యూబులు. ఆ ఆంప్లిఫయర్లకు రెండు స్విచ్చులుంటాయి. మొదటిది ట్యూబుల్ని వేడిచేస్తుంది, రెండోది శబ్దాన్ని వదులుతుంది. ఈ రెంటి మధ్యా పిన్ని ఎంత గొప్పవాణ్ణయినా ఒక నిమిషం నిలబెట్టేది.

"ఒక్క నిమిషం. గాజు నిద్ర లేవాలి. నిన్ను మంచం దిగగానే పరిగెత్తమంటే పరిగెత్తుతావా?"

ఆ అలవాటు ఆంప్లిఫయర్ల దగ్గర ఆగలేదు. మా అమ్మ ఫోన్లో గయ్యిమని లేస్తే, పిన్ని "ఒక్క నిమిషం అక్కా" అని రిసీవర్ బల్లమీద పెట్టి, గడియారం చూసి, నిమిషం తర్వాత తీసేది. "ఇప్పుడు చెప్పు." అప్పటికి అమ్మకు తను దేనికి అరిచిందో సగం గుర్తుండేది కాదు.

వాళ్లుండేది తాళాల షాపు పైనున్న రెండు గదుల్లో. కింద తాళంచెవులు అరగదీసే మిషను కీచుమంటుంటే, పైన ముందుగదిలో పిన్ని బల్ల దగ్గర కూర్చునేది. బల్లమీద ఒక దీపం, ఒక మీటరు, గోడ పొడుగునా మూతలున్న చిన్న చిన్న రేకు డబ్బాలు. గదంతా ఎప్పుడూ టంకం కరిగిన వాసన. పెళ్లికి ముందు పదకొండేళ్లు రేడియో ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడే నేర్చుకుంది. ట్యూబుల ఆంప్లిఫయర్, వాళ్ల మాటలో ఆంప్, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కరెంటు దాచుకుని ఉంటుంది, చటుక్కున కాటేస్తుంది. అందుకే ఆ పని తెలిసినవాళ్లు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తోనే పనిచేస్తారు. పిన్నికి జేబు లేదు. ఎడమ చెయ్యి శాలువాలోకి ముడుచుకునేది.

ఆ శాలువా గురించి చెప్పాలి. ఆకుపచ్చ ఉన్ని శాలువా. చలికాలం, ఎండాకాలం అని లేదు, బల్ల దగ్గర కూర్చుంటే అది భుజాన ఉండాల్సిందే. టంకం చుక్కలు పడి చిల్లులు. నాకు తెలిసినప్పటినుంచీ అదే. ఒకసారి ఆమెకు గొడుగు కొనిచ్చాను. విప్పి చూసి మళ్లీ ముడిచి నా చేతిలో పెట్టింది.

"ఆకుపచ్చ నాకు పడదే. వెళ్లి మార్చుకురా."

"మరి నువ్వు కప్పుకున్నదేంటి పిన్నీ?"

"ఇది వేరు."

"ఎలా వేరు?"

"ఒక్క నిమిషం, ఈ టార్చి ఇలా పట్టుకో. కాస్త పైకి. ఆఁ, కదపకు."

నేను టార్చి పట్టుకున్నాను. ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

బాబాయి తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు. శనివారాలు రవాణా కార్మికుల క్లబ్బు హాల్లో నలుగురి బ్యాండులో గిటారు వాయించేవాడు. మనిషి మెత్తన. ఎవరేం చెప్పినా "బ్రహ్మాండం" అంటాడు. పెళ్లయిన రెండో ఏడు పిన్ని అతనికోసం తన చేతులతో ఒక ఆంప్లిఫయర్ కట్టింది. పెట్టెకు చెక్క దొరక్క, ఇంట్లో బట్టల బీరువా తలుపులు ఊడదీసి కోసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో బీరువాకు తలుపుల్లేవు, కర్టెనే.

దానికి ముందు, మొదటి ఏడు జరిగిన ఒక సంగతి బాబాయి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. ఆంప్లిఫయర్లలో రెసిస్టర్లని ఉంటాయి, బియ్యపుగింజంత ముక్కలు. వాటిమీద రంగురంగుల గీతలుంటాయి. ఏ రంగు ఏ అంకో తెలిస్తే దాని విలువ చదవచ్చు. కొత్త పెళ్లికొడుకు ఉత్సాహంకొద్దీ ఒక ఆదివారం కూర్చుని వాటిని వేరుచేసి డబ్బాల్లో సర్దిపెట్టాడు. ఉత్తరాలు వేరుచేసే చెయ్యి కదా. ఆ వారమే పిన్ని బాగుచేసిన ఒక ఆంప్ నుంచి గుప్పున పొగ లేచింది, అదీ దాని యజమాని ఎదురుగానే.

"మీ పిన్ని జీవితంలో చేసినవి రెండే తప్పులమ్మా" అనేవాడు బాబాయి. "ఒకటి ఆ పొగ. ఏదో ధ్యాసలో ఉండి తప్పు డబ్బాలోంచి తీసిందట. రెండోది నన్ను చేసుకోవడం."

"రెండోదానికి పొగ కూడా రాలేదు. సెగే" అనేది పిన్ని తలెత్తకుండా.

ఆ తర్వాత ఆమె అతన్ని డబ్బాల జోలికి రానివ్వలేదు. "మీ వేళ్లు తీగలమీద ఉండాల్సినవి. వీటితో అరగదీసుకోకండి" అని చెప్పి, ఆంప్ పెట్టెలు తుడిచే పని అప్పగించింది. ముప్ఫై ఏళ్లకు పైగా శ్రద్ధగా తుడిచాడు.

ఆంప్‌కు ఇరవై ఎనిమిదేళ్లు నిండిన ఏడు, బ్యాండుకు పెద్ద అయిన కీబోర్డు మాస్టారు ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. టీ చల్లారిపోయేదాకా కప్పు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ వాయింపుకి వంక పెట్టడం లేదన్నా. ఇప్పటి పాటలకి ఒక్కోదానికి నాలుగు రకాల సౌండు కావాలి. మీ ఆంప్‌లో ఒకటే ఉంది."

"ఒకటే. కానీ మంచిది" అంది పిన్ని.

"మంచిదేనమ్మా. కానీ ఒకటే." మాస్టారు కప్పు కింద పెట్టాడు. "ఇంకో కుర్రాడు అడుగుతున్నాడు. కాళ్లతో నొక్కే పెట్టె ఉంది వాడి దగ్గర. వచ్చే నెల మొదటి శనివారం మధ్యాహ్నం రిహార్సల్ పెడదాం. మీరూ అలాంటిదొకటి తెచ్చుకుని వాయించి చూపించండి. వినిపిస్తే సరే. లేకపోతే నన్ను తప్పుపట్టొద్దు."

అతను వెళ్లాక బాబాయి గిటారు చేతిలోకి తీసుకోలేదు. ఒక గుడ్డ తెచ్చి ఆంప్ తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే తుడిచి ఉంది. శనివారం పోతే ఆ మనిషికి వారంలో మిగతా ఆరు రోజులూ ఎందుకో తెలియదు. అది మాకు ముగ్గురికీ తెలుసు.

నాలుగు రోజుల తర్వాత పెట్టె వచ్చింది. నేలమీద పరిచే పలకలాంటిది, కాలితో నొక్కే మీటలు, మధ్యలో చిన్న తెర. గిటారుకు ప్రతిధ్వని, అలలు, బొంగురు, ఏది కావాలంటే అది తగిలించే ఎఫెక్ట్స్ పెట్టె. పిన్ని దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటిది? బరువు చూసుకునే మిషనా?"

"కాదు. దీన్లో నూట ఇరవై ఆంప్లిఫయర్లున్నాయట" అన్నాడు బాబాయి.

"నూట ఇరవయ్యా! ఒక్కదానితోనే బీరువా తలుపులు పోయాయి."

"అన్నీ నకిలీవేలే. నిజం ఆంప్‌లా వినిపించేలా చేస్తాయంతే."

"కొత్త ఒక వింత, పాత ఒక రోత. కానివ్వండి. నా సవతిని నేనే కాపురానికి తెచ్చుకోవాల్సొచ్చింది."

ఆరోజునుంచి ఆ పెట్టె పేరు సవతి. "సవతి లేచిందా?", "సవతి మీద దుమ్ము పడుతోంది, కప్పండి" అనేది.

గిటారు వైరు పెట్టెకు, పెట్టె వైరు ఆంప్ ముందున్న రంధ్రానికి. మొదట ఎవరైనా అలాగే తగిలిస్తారు, బాబాయీ అలాగే తగిలించాడు. నిమిషం ఆగి రెండో స్విచ్ వేశాడు. తీగ మీటగానే రేకు డబ్బాలో తేనెటీగల్ని పోసి ఊపినట్టు మోత వచ్చింది. కింద తాళాల షాపులో మిషను ఆగిపోయింది.

"ఆంప్ పాతబడింది కాబోలు" అన్నాడు బాబాయి.

అనకూడని మాట అది. పిన్ని ఎడమ చెయ్యి శాలువాలోంచి బయటికి వచ్చింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! ఇరవై ఎనిమిదేళ్లలో దానికి జలుబు కూడా చేయలేదు. ఆ పుస్తకం ఇటివ్వండి."

పెట్టెతో వచ్చిన పుస్తకాన్ని భూతద్దం పెట్టుకుని మూడు రోజులు చదివింది. ఆదివారం నేను వెళ్లేసరికి మొహం వెలుగుతోంది.

"దీని జబ్బు తెలిసిందే. ఈ పెట్టె తనే ఆంప్‌నని అనుకుంటోంది. తనే స్పీకర్‌నని కూడా అనుకుంటోంది. అన్నీ తానే అనుకునేదాన్ని తీసుకెళ్లి నిజం ఆంప్‌కి, నిజం స్పీకర్‌కి తగిలిస్తే? ఒక ఒరలో రెండు కత్తులు. అందుకే ఆ నకిలీ ఆంప్‌ని, నకిలీ స్పీకర్‌ని పడుకోబెట్టాను. ఇక మిగతా పనులు చేసుకో తల్లీ అన్నాను."

తేనెటీగలు పోయాయి. గిటారు మళ్లీ గిటారులా పలికింది. కానీ ప్రతిధ్వని నొక్కినప్పుడు మాత్రం అంతా బురదైపోయేది. బాబాయి "బ్రహ్మాండం" అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు.

"నువ్వు కొండ ముందు నిలబడి అరిచావనుకో" అంది నాతో. "గొంతు బొంగురుపోతే నీది పోవాలి. కొండ ఆ బొంగురుని ఉన్నదున్నట్టు తిరిగి చెబుతుంది. ఇక్కడ కొండకే గొంతు పోతోంది."

"అంటే?"

"అంటే బొంగురు పుట్టేది ఆంప్ మొదటి సగంలో. ప్రతిధ్వని దాని తర్వాత రావాలి. ఇప్పుడు ముందే వచ్చి పడుతోంది. ఆంప్‌ని మధ్యకి విడదీసి, మొదటి సగానికీ రెండో సగానికీ నడుమ పెట్టెను దూర్చాలి. ఈమధ్య చేసే ఆంప్‌లకి అందుకోసం వెనక రెండు రంధ్రాలు పెట్టే ఇస్తున్నారు." ఆగింది. "దీనికి లేవు."

అది ఆమె కట్టిన ఆంప్. ఇరవై ఎనిమిదేళ్లలో ట్యూబులు మార్చడం తప్ప లోపల చెయ్యి పెట్టలేదు. రెండు రోజులు దాని చుట్టుపక్కల తిరిగింది, తుడిచింది, వేరే పనులు ముందేసుకుంది. మూడో రోజు లోపల దాచుకున్న కరెంటంతా వదిలించి, రేకు రజను పడకుండా భాగాలమీద పొడిగుడ్డ కప్పానా లేదా అని రెండుసార్లు చూసుకుని, వెనక రేకుకు డ్రిల్లు ఆనించింది. రేకుకు మొన తగిలిన క్షణం కళ్లు మూసుకుంది. డ్రిల్లు పట్టుకున్నవాళ్లు చేయకూడని పని అది.

ఇప్పుడు వైర్లు నాలుగయ్యాయి. ఒకటోది గిటారునుంచి పెట్టెకు. రెండోది పెట్టెనుంచి ఆంప్ ముందుభాగానికి. మూడోది ఆంప్ మొదటి సగంనుంచి మళ్లీ పెట్టెకు. నాలుగోది పెట్టెనుంచి ఆంప్ రెండో సగానికి. శబ్దం ఇంట్లోంచి పక్కింటికి, పక్కింట్లోంచి ఇంటికి, మళ్లీ పక్కింటికి, మళ్లీ ఇంటికి వచ్చినట్టు. నాలుగూ నల్లటి వైర్లే. ఏ ఒక్కటి తారుమారైనా మాటా పలుకూ ఉండదు.

బాబాయి వాయించాడు. పాత గొంతే, కానీ వెనక ఒక లోయ ఉన్నట్టు. పిన్ని గోడవైపు చూస్తూ విని "ఊఁ" అంది. మాకు తెలిసి అంతకు మించిన మెప్పు ఆమె ఎవరికీ ఇవ్వలేదు. "సవతికీ ఆంప్‌కీ చుట్టరికం కలిపాను. ఇక వాళ్లిద్దరూ ఏకమై నన్ను గెంటేస్తారు."

గుర్తుకోసం ఆమె వైర్ల కొసలకు పురికొస చుట్టి ముడులు వేసింది. ఒకటో వైరుకు ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగుదాకా. వైరు దూరాల్సిన ప్రతి రంధ్రం పక్కన అన్నేసి జిగురు చుక్కలు పెట్టి ఆరనిచ్చింది. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమినా తెలుస్తుంది.

"ఇదేంటి పిన్నీ, మూటలు కట్టినట్టు! రంగు టేపులు అంటించొచ్చుగా?" అన్నాను.

"టేపు జిగురు వేడికి జారిపోతుంది. పైగా స్టేజిమీద సరిగా కనబడి చావదు. వేళ్లకి మతిమరుపుండదు."

నేను ఆఫీసులో రికార్డుల గది చూస్తాను. ఏ ఫైలు ఏ అల్మరాలోదో తెలియడానికి రంగు చీటీలు అంటించే పద్ధతి పెట్టింది నేనే. వెనకటి పాతికేళ్ల గజిబిజి దాంతో ఒక కొలిక్కి వచ్చింది. నాకు ఆ పురికొసలు చూస్తే చేతులు ఊరుకోలేదు.

రిహార్సల్ రోజు పొద్దున పిన్ని ఫ్యూజు కొనడానికి బయటికి వెళ్లింది. నేను సంచిలోంచి వైర్లు తీసి ముడులు విప్పేశాను. ఒకటోదానికి ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ, మూడోదానికి గోధుమరంగు, నాలుగోదానికి నారింజ టేపు అంటించాను. రంధ్రాల పక్కన జిగురు చుక్కల్ని గోటితో గీకేసి, ఆ చోట అదే రంగు బిళ్లలు పెట్టాను. ఆంప్ వెనక ఒక కాగితం కూడా అతికించాను: ఎరుపు, గిటారునుంచి పెట్టెకు, ఆకుపచ్చ, పెట్టెనుంచి ఆంప్ ముందుకు... చక్కటి చేతిరాతతో. బాబాయికి చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి "బ్రహ్మాండం తల్లీ" అన్నాడు.

పిన్నికి చెప్పలేదు. హాల్లో చూసి తను ఆశ్చర్యపోవాలనుకున్నాను.

క్లబ్బు హాలు పెద్దది, కిటికీలు పైనెక్కడో ఉన్నాయి. కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. మాస్టారు, డ్రమ్ములతను, పాడే ఆవిడ, నేను, పిన్ని. మాస్టారు చెప్పిన కుర్రాడు కూడా వచ్చాడు, ఒక మూల తన పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయి ఆంప్ వెనక మోకాళ్లమీద కూర్చుని వైర్లు తగిలిస్తున్నాడు. కాగితం చూస్తున్నాడు, వైరు చూస్తున్నాడు, మళ్లీ కాగితం చూస్తున్నాడు. లేచాడు. నిమిషం ఆగాడు. రెండో స్విచ్ వేసి తీగ మీటాడు.

దోమ రొద. అంతే.

వాల్యూమ్ పెంచాడు. దోమ కాస్త దగ్గరికొచ్చింది. ఇంకా పెంచాడు. వంగి ఒక వైరు లాగి ఇంకోచోట పెట్టబోయాడు. అప్పుడు హాలంతా అదిరిపోయేలా 'భుర్ర్ర్' మని ఒక్క మోత. పాడే ఆవిడ చెవులు మూసుకుంది. మూలన కుర్రాడు నవ్వు దాచుకోవడానికి తల వంచాడు. బాబాయి నుదుటిమీద చెమట నాకు అంత దూరంనుంచి కనబడింది.

"ఏమైందన్నా?" అన్నాడు మాస్టారు. "తగిలించడం రాలేదా?"

బాబాయి నోరు తెరిచేలోపు పిన్ని స్టేజి ఎక్కేసింది.

"ఒక్క నిమిషం." స్విచ్ ఆపింది. వంగి వైర్ల కొసలు చూసింది, రంగు బిళ్లలు చూసింది, తలెత్తి నావైపు చూసింది. పిన్ని అంతకుముందెప్పుడూ నన్నలా చూడలేదు. "ఎవరే వీటిని ముట్టుకుంది?"

"నేనే పిన్నీ. వీలుగా ఉంటుందని..."

"నిన్నెవరు అడిగారు? రికార్డుల గది కాదే ఇది! నా వస్తువులమీద చెయ్యి వేయమని నీకు ఎవరు చెప్పారు?"

నలుగురిలో. నలభై దగ్గరపడ్డ మనిషిని.

తర్వాత ఆమె మాస్టారువైపు తిరిగి, మామూలు గొంతుతో అంది: "ఆయన తప్పేం లేదు. కొత్తగా రంధ్రాలు పెట్టినచోట నా టంకం ఊడింది. పని నాది, తప్పు నాది. పావుగంట ఇవ్వండి."

ఆంప్ వెనక రేకు తీసింది. సంచిలోంచి ఐరన్ తీసి వేడిచేసి లోపల ఎక్కడో ఆనించింది. పొగ లేచింది. ఆ తర్వాత టేపులన్నీ పీకేసి, శాలువా కొంగు మడతలోంచి పురికొస ఉండ తీసి, కొరికి తెంపుతూ ఒక్కోటీ ముడులు వేసింది. నాలుగూ తనే తగిలించి, బాబాయి చెయ్యి పట్టుకుని ఒక్కో కొసా వేళ్లతో తడిమించింది. నిమిషం ఆగారు. బాబాయి వాయించాడు.

ఆ పాట ఏదో నాకు గుర్తులేదు, నాకు ఏడుపు వస్తోంది కాబట్టి. మూలన కుర్రాడు తలెత్తి వినడం మాత్రం గుర్తుంది. మాస్టారు పాట అయ్యాక "వచ్చే శనివారం ఆరింటికల్లా వచ్చేయండన్నా" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు బాబాయి నన్ను సముదాయించాడు. "నీ తప్పు కాదమ్మా. ఆ హాలు దీపాల కింద నాకు అన్నీ ఒకేమాదిరి కనబడ్డాయి. గాభరాలో తికమకపడ్డాను. అయినా టంకమే ఊడితే ఎవరేం చేస్తారు? మీ పిన్నికిది మూడో తప్పు. లెక్క రాసుకో." సాకు చెబుతున్నాడనుకున్నాను. టంకం ఊడింది తనకైతే, నలుగురిలో నన్ను తిట్టడం దేనికి? అత్తమీది కోపం దుత్తమీద చూపించడం కాకపోతే? నాలుగు నెలలు ఆ మెట్లెక్కలేదు. ఫోన్ చేస్తే అమ్మకు ఇచ్చేదాన్ని.

ఐదో నెలలో ఒకరోజు ఆఫీసు నుంచి బయటికొస్తే పిన్ని గేటు దగ్గర నిలబడి ఉంది, శాలువాతోనే. "ఒక్క నిమిషం అన్నాను, నాలుగు నెలలు తీసుకున్నావేంటే?" అంది. ఇద్దరం నవ్వాం. బస్సుదాకా నడిచాం. ఆరోజు ఎందుకు తిట్టిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె పోయేదాకా, ఆ తర్వాతి ఆరేళ్లలో ఇంకెప్పుడూ అడగలేదు. ఆ ఆరేళ్లూ బాబాయి ఒక్క శనివారం తప్పకుండా వాయించాడు.

పిన్ని పోయిన నాలుగో వారం మాస్టారు ఫోన్ చేశాడు. తొందరేం లేదని, ఆయన ఎప్పుడొస్తే అప్పుడేనని. నేను బాబాయికి సాయంగా వెళ్లాను. ఆంప్‌మీద నాలుగు వారాల దుమ్ము. ఆ ఇంట్లో నేను దుమ్ము చూడటం అదే మొదలు.

"తగిలించనా బాబాయ్?"

"వద్దమ్మా. నాకొచ్చు."

కళ్లు మూసుకుని, పిన్ని మళ్లీ పెట్టిన జిగురు చుక్కలు తడుముతూ తగిలించాడు. ఒక ముడి. రెండు. మూడో వైరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి, పురికొస ఇంకా గరుగ్గా, కొత్తగా ఉంది. తర్వాత నాలుగోది. మొదటి స్విచ్ వేశాడు. ఇద్దరం నిమిషం నిలబడ్డాం. కింద తాళాల షాపులో మిషను తిరుగుతోంది. రెండో స్విచ్ వేసి, ఒక తీగ మీటి, అది పూర్తిగా చచ్చిపోయేదాకా విన్నాడు.

"వెళ్తాను. ఇవాళ శనివారమేగా" అన్నాడు. అన్నీ విప్పి సంచిలో సర్దాక చుట్టూ చూశాడు. "ఆంప్‌కి ఏదైనా కప్పి తీసుకెళ్లాలి, బయట చినుకులు. ఆ ఎర్ర శాలువా ఇటివ్వమ్మా."

"ఏ శాలువా?"

"అదే, మీ పిన్నిది. తలుపు పక్కన."

తలుపు పక్కన కొక్కేనికి ఉన్నది ఒకే ఒక్క శాలువా. పిన్ని తగిలించి వెళ్లినదే. ఆకుపచ్చది.

"పెళ్లికి ముందు నేనే కొన్నాను" అన్నాడు బాబాయి వైర్ల సంచి మూతి బిగిస్తూ. "తనకి ఎరుపంటే ప్రాణమని మీ అమ్మ చెప్పింది. షాపులో గుట్టలుగా పోశారు, ఎవర్నీ అడక్కుండా నేనే వెతికి తీశాను. ఇచ్చి, రంగు నచ్చిందా అంటే, ఒక్క నిమిషం అంది. నిజంగానే నిమిషం చూసింది. అచ్చం నేను కోరుకున్న ఎరుపే అంది."

గోడ పొడుగునా రేకు డబ్బాలున్నాయి, కొత్త పెళ్లికొడుకు గీతల రంగులు చూసి సర్దిన డబ్బాలు. హాల్లో ఆమె నా టేపులు పీకేసి వాటిని గుప్పిట్లో నలిపి దాచడం గుర్తొచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నారింజ. టంకం ఊడలేదు.

శాలువా తీసి ఇచ్చాను. బాబాయి దాన్ని ఆంప్‌మీద పరిచి, చిల్లులున్నచోట మడత వేసి, అంచులు సరిచేశాడు.

"చూడు, ముప్ఫై అయిదేళ్లయింది" అన్నాడు. "ఎరుపు ఏమాత్రం వెలవలేదు."